పాడైన పటిక

ఆ ఉదయం అనుకున్న పని చాలా చిన్నది. కోడలు పటిక స్ఫటికాన్ని బడికి తీసుకెళ్లాలి. పదింటికి ప్రిన్సిపాల్ వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, ఆమె చెప్పే సైన్సు పాఠం వింటారు. నచ్చితే ఉద్యోగం ఖాయం. నచ్చకపోతే నెలాఖరు నుంచి ఇంట్లో కూర్చోవడమే.

స్ఫటికం మామగారు పెంచింది. కాలేజీ ల్యాబ్‌లో పనిచేసి రిటైరైన మనిషి. భార్య పూలకుండీ పెట్టుకునే వంటింటి కిటికీలో, ఆవిడ పోయాక, గ్లాసులో పటిక నీళ్లు పోసి, దారానికి చిన్న పలుకు కట్టి వేలాడదీశారు. కళ్ల ముందు ఏదో ఒకటి పెరుగుతుంటే ఆయనకు పొద్దు గడిచేది. నాలుగు నెలలకు నిమ్మకాయంత అయింది. ఎనిమిది ముఖాలూ అద్దాల్లా తేలాయి.

"తడి చేత్తో ముట్టుకోకండి. చెమట తగిలినా మచ్చ పడుతుంది," అని ఇంట్లో అందరికీ చెప్పి స్నానానికి వెళ్లారు.

బయట చినుకులు మొదలయ్యాయి. తండ్రి మాట ఇంకా చెవిలోనే ఉన్న కొడుక్కి గాలి చెమ్మగా తోచింది. ఎందుకైనా మంచిదని భార్య హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, పది నిమిషాలు వేడిగాలి పట్టించాడు.

మామగారు వచ్చేసరికి స్ఫటికం సున్నపు ముద్దలా ఉంది.

"ఒరేయ్, ఏం చేశావురా దీన్ని?"

"ఆరబెట్టాను నాన్నా. దానికి నీళ్లు పడవన్నారుగా!"

"పైన పడవురా. లోపల దాని నీళ్లు దానికి ఉంటాయి. వాటినీ పీల్చేశావు!"

అయినా ఆయన కంగారు పడలేదు. తెల్లబడిన పైపొర కాస్త కరిగితే మెరుపు తిరిగొస్తుంది. వేలు తడిచేసుకుని మెల్లగా రుద్దసాగారు. సరిగ్గా అప్పుడే కోడలు వంటింట్లోకి వచ్చింది.

"అయ్యో మామయ్యగారూ, తడి!" అంటూ ఆయన చెయ్యి పట్టి లాగింది.

స్ఫటికం ఎగిరి, గిన్నెలు నానబెట్టిన వేణ్నీళ్ల టబ్బులో పడింది. ముగ్గురూ చేతులు పెట్టి దేవితే ముందు గరిటె వచ్చింది, తర్వాత రెండు చెంచాలు వచ్చాయి. చివరికి స్ఫటికం దొరికేసరికి అరిగిన సబ్బుబిళ్లలా ఉంది. నీళ్లు మరీ సలసలా కాగినవి కావు గనక ఆ మాత్రమైనా మిగిలింది.

కోడలి కళ్లు నిండాయి. "ఇప్పుడేం చూపించనండీ?"

"ముందు ఆ కన్నీళ్లు తుడుచుకోమ్మా, దానిమీద పడతాయి," అన్నారాయన. "ఉన్నదే చూపించు. జరిగిందే చెప్పు."

సాయంత్రం ఆమె చెప్పులైనా విప్పకుండా మొదలుపెట్టింది. "పిల్లలు ఒకటే నవ్వులు మామయ్యగారూ! ఎందుకు తెల్లబడింది, ఎలా కరిగింది అని ప్రశ్నల మీద ప్రశ్నలు. బెల్లు కొట్టినా ఒక్కడు లేవలేదు. ప్రతి తరగతిలోనూ ఇలాగే ఒకటి పాడుచేసి చూపించమన్నారు ప్రిన్సిపాల్‌గారు."

"ఒక్కోటి పాడుచేయాలంటే నాలుగేసి నెలలు పెంచాలని చెప్పావా?"

"చెప్పాను. అయితే పర్మనెంట్ చేయక తప్పదని సంతకం పెట్టేశారు."

మర్నాడు మామగారు, పాడుచేయడం కోసం జాగ్రత్తగా పెంచడానికి, రెండు కిలోల పటిక కొనుక్కొచ్చారు.