నిమ్మకాయలు తొక్కని టిల్లరు

ఆదివారం ఉదయం ఏడు నలభై రెండుకు టిల్లరు స్టార్ట్ చేయాలి. పది గంటలకల్లా రెండు వరసల మధ్య దున్ని చూపించాలి. సర్వేయరుగా రిటైరైన బసవపున్నారావు వేసుకున్న ప్లాను అంతే. ఏడు నలభై రెండు అనేది ఆయన భార్య తులసమ్మ క్యాలెండరు వెనక చూసి పెట్టిన టైము. పది గంటలు అనేది బావమరిది లక్ష్మీనరసింహారావు పెట్టిన గడువు. మధ్యలో మిగిలిన రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు మాత్రమే బసవపున్నారావువి.

నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే రోడ్డు దిగితే ఆయన తోట. అందులో నలభై రెండు రసం మామిడి చెట్లు. ఉద్యోగంలో చేరిన ఏడాది తన గొలుసుతో తనే కొలిచి, తన చేత్తోనే గుంటలు తీసి నాటాడు. ముప్పై మూడేళ్ళు ఊళ్ళవాళ్ళ గట్లన్నీ కొలిచి ఎవరిది ఎంతవరకో తేల్చాడు గానీ, ఇది నాదీ అని ప్రేమగా చెప్పుకోడానికి ఆయనకు ఆ చెట్లే ఉన్నాయి. వాటి కొమ్మలు నేల మీద వాలి ఉంటాయి. కాపు రోజుల్లో చాప వేసుకు కూచుని కాయ కోసుకోవచ్చు. అలాంటి తోటలో ట్రాక్టరు దూరాలంటే కింది కొమ్మలన్నీ కొట్టేయాల్సిందే. అందుకే ఇరవై ఒక్కేళ్ళుగా ఆ తోటను, వెనక నడుస్తూ హ్యాండిళ్ళు పట్టుకు నడిపే టిల్లరే దున్నింది. ఈ ఏడాది కోతలు అయ్యాయో లేదో ఆ టిల్లరు ఇంజిను చచ్చి ఊరుకుంది.

ఇంకొకళ్ళయితే కొత్త ఇంజిను కొని బిగించుకునేవాళ్ళు. బసవపున్నారావు కొలిచాడు. ఏడు వారాలు కొలిచాడు. షాఫ్టు లావెంత, పొడవెంత, బోల్టుల మధ్య దూరమెంత, పీట ఎత్తెంత అని నోటుబుక్కులో ఇరవై రెండు గళ్ళు గీసి నింపాడు. పందొమ్మిదో గడిలో "హ్యాండిలు కింద పిన్ను, ఎందుకో తెలియదు" అని కూడా రాసి దాన్నీ కొలిచాడు. ఒకరు డీజిలు అన్నారు, ఒకరు పెట్రోలు అన్నారు, ఇంకొకరు అసలు టిల్లరే మార్చేయమన్నారు. ఆయన అందరి మాటా విని, ఎవరి మాటా వినకుండా, మళ్ళీ టేపు తీసుకుని వెళ్ళి కూచునేవాడు. ఈలోగా రెండు వానలు పడి కలుపు మోకాళ్ళ దాకా లేచింది. పాకకీ బోరుకీ మధ్య పాము కనపడిన రోజున తులసమ్మ ఇంక ఊరుకోలేదు. విస్సన్నపేటలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి ట్రాక్టరు తెమ్మంది. ఆదివారం పదింటిలోగా టిల్లరు దున్ని చూపించకపోతే కొమ్మలు కొట్టించి ట్రాక్టరు దింపుతానన్నాడు లక్ష్మీనరసింహారావు.

చివరికి ఇంజిను తెచ్చింది హనుమాన్ జంక్షన్ దగ్గర షాపు పెట్టుకున్న మెకానిక్కు సువర్ణరాజు. కొలతలన్నీ చూసి అతను మెచ్చుకున్నాడు. ఒక్కటే అడిగాడు, పాత ఇంజిను షాఫ్టు ఎటు తిరిగేదని. ఎక్కువ ఇంజిన్లు ఒకవైపే తిరుగుతాయి, ఎదురు తిరిగేవి మాత్రం ప్రత్యేకంగా చెప్పి తెప్పించాలన్నాడు. ఇరవై ఒక్కేళ్ళు తాడు లాగి స్టార్ట్ చేసిన మనిషికి అదేమంత ప్రశ్న? "గడియారం తిరిగే వైపు" అని తడుముకోకుండా చెప్పి, ఇరవై రెండో గడిలో రాసుకున్నాడు. అయితే అది అరుదైన రకమండీ అని సువర్ణరాజు కోయంబత్తూరు నుంచి తెప్పించాడు. వెనక్కి తీసుకోరని కూడా చెప్పాడు. వెనక్కి ఇవ్వాల్సిన అవసరం తన కొలతలకు ఎన్నడూ రాలేదన్నాడు బసవపున్నారావు.

శనివారం సాయంత్రం బిగింపు అయిపోయింది. ఒకసారి నడిపి చూద్దామని సువర్ణరాజు తాడు పట్టుకుంటే తులసమ్మ అడ్డుకుంది. కొత్త బండి ఏదైనా ముందు నిమ్మకాయలు తొక్కాలి, ఆ తరవాతే నడవాలి, ముహూర్తం రేపు ఉదయం అంది. సువర్ణరాజు కాదనలేదు. తన పద్ధతిలో తను కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం ప్రార్థన చేసుకుని, రేపు చర్చి అయ్యాక వస్తానని చెప్పి వెళ్ళిపోయాడు. అలా ఆ ఇంజినుకు పసుపూ పడింది, ప్రార్థనా పడింది. పరీక్ష ఒక్కటే పడలేదు.

తెల్లవారింది. తులసమ్మ రెండు చక్రాల ముందు రెండు నిమ్మకాయలు పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. టైము చూసి బసవపున్నారావు తాడు లాగాడు. ఒక్క లాగుకే ఇంజిను అందుకుంది. ఆ చప్పుడు వినగానే ఆయన గుండె నిండిపోయింది. ఏడు వారాలుగా నవ్విన వాళ్ళందరూ ఒక్కొక్కరే గుర్తొచ్చారు. ఫస్టు గేరు వేసి క్లచ్చి వదిలాడు.

టిల్లరు నిమ్మకాయల వంక చూడనైనా చూడలేదు. నేరుగా వెనక్కి, అంటే ఆయన మీదికి వచ్చింది.

"రివర్సు వేశారేంటండీ?" అంది తులసమ్మ.

వెయ్యలేదని చెప్పే తీరిక ఆయనకు లేదు. రెండు హ్యాండిళ్ళూ పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. దున్నే కత్తులకు వేరే లివరు ఉండటం, దాన్ని ఆయన ఇంకా వేయకపోవడం తులసమ్మ తాళిబొట్టు గట్టితనం. క్లచ్చి నొక్కుదామంటే కొత్తగా బిగించిన తీగ బిగుసుకుపోయింది. గేరు తప్పు పడిందేమోనని సెకండులోకి లాగాడు. దాంతో నడుస్తున్నది కాస్తా పరుగందుకుంది. బోరు దాటింది, బట్టల తాడు దాటింది, దాని మీది లుంగీని కూడా తీసుకుని పాక వెనక ఎరువు దిబ్బ దాకా ఆయన్ని తోసుకెళ్ళింది. బసవపున్నారావు నడుము లోతు ఎరువులో కూలబడ్డాడు. టిల్లరు ఆయన మీదికి వంగి గురగురలాడుతూ నిలబడింది. తులసమ్మ వచ్చి స్విచ్చి నొక్కింది.

సరిగ్గా అప్పుడే పక్క తోట కాపలాదారు సవరయ్య కంచె మీంచి తొంగి చూశాడు. టిల్లరు కదిలిందో లేదో చూసి చెప్పమని లక్ష్మీనరసింహారావు అతనికి ముందే పురమాయించి ఉన్నాడు. సవరయ్య అబద్ధమాడే మనిషి కాదు. ఫోన్ తీసి చూసింది చూసినట్టే చెప్పాడు.

"మీ బావగారు మిషను కింద ఉన్నారండీ. కాళ్ళు కనపడట్లేదండీ."

ఆ కబురు అవతల ఏ రూపం ఎత్తుతుందో తెలియని బసవపున్నారావు, కాళ్ళు ఎరువులోంచి లాక్కుని సువర్ణరాజుకు ఫోన్ చేశాడు. స్విచ్చాఫ్. చర్చిలో ఉన్నాడు. బండి దక్షిణం ముఖంగా ఉందని, అందుకే నిమ్మకాయలు ఒప్పుకోలేదని తులసమ్మ అనుమానపడింది. ఇద్దరూ కలిసి దాన్ని తోసుకొచ్చి తూర్పుకు తిప్పారు. క్లచ్చి తీగకు నూనె పోశారు. మళ్ళీ నిమ్మకాయలు పెట్టారు. ఈసారి టిల్లరు తూర్పు ముఖంగా ఉండి పడమటికి నడిచింది.

ఎనిమిదిన్నర అయింది. ఆయన నోటుబుక్కు తెరిచి ఒక్కొక్క గడీ చూసుకుంటూ వచ్చాడు. ఇరవై ఒకటీ సరిగ్గానే ఉన్నాయి. ఇరవై రెండో గడి దగ్గర వేలు ఆగింది. లేచి తాడు లాగే వైపు నిలబడి, చేత్తో తాడును మెల్లగా లాగి చూశాడు. మెల్లగా ఇవతలికి, షాఫ్టు ఉన్న వైపుకు వచ్చి నిలబడ్డాడు. ఒకే షాఫ్టు అటు నుంచి చూస్తే ఒకలా, ఇటు నుంచి చూస్తే ఇంకోలా తిరుగుతుంది. సువర్ణరాజు అడిగింది ఇటు నుంచి. తను చెప్పింది అటు నుంచి. మామూలు ఇంజిను సరిపోయేదానికి, ఏరి కోరి ఎదురు తిరిగేదాన్ని తెప్పించుకున్నాడు.

ఎక్కడ నిలబడి చూశారో రాయని కొలత చిత్తుకాగితంతో సమానం అని ఆయన ముప్పై మూడేళ్ళు కింది వాళ్ళను తిట్టాడు. ఒకతన్ని ఏడిపించాడు కూడా. ఇప్పుడు తన నోటుబుక్కులో ఆ ముక్కే లేదు. సిగ్గుతో భార్య ముఖం కూడా చూడలేకపోయాడు.

రోడ్డు మీంచి ట్రాక్టరు చప్పుడు వినపడేసరికి తొమ్మిదయింది. అది గంట ముందే ఎందుకొచ్చిందో ఆయనకు అర్థం కాలేదు. లక్ష్మీనరసింహారావుకు మాత్రం అంతా అర్థమైపోయింది. బావ కాళ్ళు పోయాయి. ట్రాక్టరు మీద కొమ్మలు కొట్టేవాళ్ళు ఇద్దరు, వెనక ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి ఒక కారు, కారులో రొట్టె ప్యాకెట్లు, బత్తాయిలు. అయితే తోట దారికి అడ్డంగా మొదటి రసం చెట్టు పెద్ద కొమ్మ వాలి ఉంది. దాని కింద మనిషి వంగి వెళ్ళాలి, కారు వెళ్ళదు. దిగి నడిచొచ్చి చూద్దామన్న ఆలోచన కంగారులో ఎవరికీ రాలేదు. కొట్టెయ్యండ్రా అన్నాడు లక్ష్మీనరసింహారావు. రంపం మిషను మోగింది.

ఆ చప్పుడు బసవపున్నారావు గుండెల్లో మోగింది. నడుము దాకా ఎరువుతో, భుజాన లుంగీతో, అరవై రెండేళ్ళ వయసులో ఆయన పరుగెత్తిన పరుగు తులసమ్మ పెళ్ళయ్యాక ఎప్పుడూ చూడలేదు. వెళ్ళి కొమ్మను రెండు చేతులా కావలించుకున్నాడు. అప్పటికే రంపం రెండు వేళ్ళ లోతు దిగింది. మిషను పట్టుకున్నవాడు భయపడి ఆపేశాడు.

లక్ష్మీనరసింహారావు ఆయన ముఖం చూడలేదు. కాళ్ళు చూశాడు. ఒకటి, రెండు. దగ్గరకొచ్చి మోకాలు తడిమి, అప్పుడు కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయ్యాక కోపం వచ్చింది.

"ఉన్నాయని ఫోన్ చేసి చెప్పొద్దా బావా?"

"ఏవి?"

"కాళ్ళు!"

కాళ్ళు ఉన్నాయని ఎవరైనా ఫోన్ చేసి చెప్పుకుంటారా అని బసవపున్నారావుకు అడగాలనిపించింది గానీ, అడిగే స్థితిలో లేడు. టిల్లరు వెనక్కి నడుస్తోందని ఒప్పుకున్నాడు. తప్పు ఇంజినుది కాదు, తనదేనని కూడా చెప్పాడు. ఇంతలో తెల్లచొక్కాతో సువర్ణరాజు బైకు దిగాడు. చర్చి నుంచి నేరుగా వచ్చాడు. అంతా విని నెమ్మదిగా అడిగాడు.

"ఎటు నుంచి చూశారు సార్?"

"తాడు వైపు నుంచి."

వేరే ఇంజిను రావాలంటే రెండు వారాలు పడుతుందన్నాడు సువర్ణరాజు. అప్పటికి నేల పదును పోతుంది, కలుపు నడుము దాకా వస్తుంది. లక్ష్మీనరసింహారావు వాచీ చూసుకున్నాడు. తొమ్మిదీ ఇరవై. ఎలాగూ రంపం పడిన కొమ్మ, ఎలాగూ నడవని టిల్లరు, ఇంక పది దాకా ఆగడం దేనికన్నాడు. బసవపున్నారావు చేతులు మాత్రం కొమ్మ మీంచి తీయలేదు.

తులసమ్మ ఆ చేతుల వైపు చూసింది. ట్రాక్టరు పిలిచింది తనే. కానీ ఆయన్ని అలా చూడాలని పిలవలేదు. నేరుగా పాక దగ్గరకు వెళ్ళింది. అందరూ ఆమె వెనకే వెళ్ళారు. టిల్లరు ముందు పడున్న రెండు నిమ్మకాయలూ తీసి, పైటతో తుడిచి, వెనక వైపుకు వెళ్ళి చక్రాల దగ్గర పెట్టింది.

"అది ఎటు పోతానంటోందో అటే పెట్టాను. మీరు ఇటు కాకుండా అటొచ్చి నిలబడండి."

లక్ష్మీనరసింహారావు పగలబడి నవ్వాడు. కొమ్మలు కొట్టేవాళ్ళూ నవ్వారు. సువర్ణరాజు నవ్వలేదు. వంగి హ్యాండిలు కింద చెయ్యి పెట్టి తడిమాడు.

"సార్, ఇక్కడ పిన్ను ఉండాలే?"

"పందొమ్మిదో గడి," అన్నాడు బసవపున్నారావు. "ఎందుకో తెలియదు."

అది తీస్తే హ్యాండిలు మొత్తం చుట్టూ తిరిగి అవతలి వైపుకు వస్తుంది. పాత మోడళ్ళలో పెట్టేవాళ్ళట. ఇరవై ఒక్కేళ్ళు ఎవరూ తీయని పిన్ను తుప్పు పట్టి కూచుంది. కిరసనాయిలు పోశారు, సుత్తితో కొట్టారు. సువర్ణరాజు తెల్లచొక్కా నల్లచొక్కా అయింది. పది అవుతుండగా పిన్ను ఊడి వచ్చింది, హ్యాండిలు కిర్రుమంటూ తిరిగింది. దున్నే కత్తులు ఇంకా ఎదురు మొహం పెట్టి ఉన్నాయి. అవన్నీ విప్పి తిప్పి బిగించాలి. టైము అయిపోయిందన్నాడు లక్ష్మీనరసింహారావు. కొత్త బండికి నిమ్మకాయ తొక్కినప్పటి నుంచే టైము లెక్క అంది అక్క. ఆ నియమం ఎక్కడుందో అతనికి తెలియదు. ఆమె ముఖం చూసి అడగలేదు కూడా. వట్టినే నిలబడటం దేనికని తన మనుషుల చేతికే స్పానర్లు ఇచ్చాడు.

పదకొండుకు టిల్లరు నిమ్మకాయలు తొక్కింది. రెండూ ఒకేసారి చితికాయి.

అక్కడి నుంచి నేరుగా చెట్ల కిందికి వెళ్ళింది. ఇంతకుముందు ఇంజిను ముందుండేది, వాలిన కొమ్మలకు తగిలి మొండికేసేది. అందుకని మొదళ్ళ దగ్గర కలుపు ఏటా చేత్తోనే తీయాల్సి వచ్చేది. ఇప్పుడు ఇంజిను వెనక బయటే ఉంటోంది. కత్తులు ముందు దూరి, కొమ్మల కింద మొదలు దాకా దున్నుకుంటూ వెళ్తున్నాయి. ఒక్క ఆకు రాలలేదు. బసవపున్నారావు కళ్ళు చెమర్చాయి, అది పొగ వల్లేనన్నాడు. రెండు వరసలు అనుకున్నది, మధ్యాహ్నానికి ఆరు వరసలు అయ్యాయి. రంపం దిగిన చోట తులసమ్మ పేడ మెత్తి గుడ్డ కట్టింది.

లక్ష్మీనరసింహారావు గట్టు మీద కూచుని తను తెచ్చిన బత్తాయిలు తనే తిన్నాడు. మూడోది వొలుస్తూ సువర్ణరాజును పక్కకు పిలిచి, తన తోటలోనూ కొమ్మలు బాగా వాలి ఉన్నాయని, అలాంటి ఇంజినే ఒకటి, సరిగ్గా అలా తప్పుగా తిరిగేదే తెప్పించమని అడిగాడు. కొలతలకు బావను పంపిస్తానన్నాడు.

ఆ సాయంత్రం బసవపున్నారావు నోటుబుక్కు తీసి "ఎక్కడ నిలబడి చూశారు" అని ఇరవై మూడో గడి గీసి, దానికెదురుగా "తులసమ్మ నిలబడిన చోటు నుంచి" అని రాసుకున్నాడు.