వేలికి గుచ్చుకుంటే కాలికి ప్రార్థన

పుంగనూరులో డాక్టర్ ప్రకాష్ బాబు క్లినిక్కుకు హెడ్ నర్సు సంతోషమ్మ. ఆ ఉదయం ఆమె పెట్టుకున్న పనులు కొన్నే. సోమల నుంచి వచ్చిన ముసలాయన గురప్పకు ఇన్సులిన్ సూది వేయాలి, గంజి పెట్టిన తెల్లచీర నలగకుండా బస్సెక్కాలి, మదనపల్లెలో కొత్త నర్సులకు సూదుల జాగ్రత్తల గురించి ఉపన్యాసం ఇవ్వాలి. ఇన్నేళ్ళ సర్వీసులో తన చేతికి ఒక్క సూదీ గుచ్చుకోలేదని ఆమెకు మహా గర్వం. అది గర్వం కాదు, సాక్ష్యం అనేది ఆమె. వినేవాళ్ళకు మాత్రం రెంటికీ తేడా తెలిసేది కాదు.

"వాడిన సూదికి మూత పెట్టేవాళ్ళు నర్సులే కాదు" అన్న వాక్యం ఆమె ఉపన్యాసంలో ముఖ్యమైనది. దాన్నే నోట్లో నానబెట్టుకుంటూ గురప్పకు సూది వేసింది. బయట బస్సు హారన్ మోగింది. ఆ కంగారులో వాడిన సూదికి తనే మూత పెట్టబోయింది. సూది మూతలోకి పోకుండా ఆమె చూపుడు వేలిలోకి పోయింది.

నొప్పికంటే ముందు సిగ్గు వచ్చింది. ఎవరూ చూడలేదు కదా, బస్సెక్కేస్తే సరి అని మనసు లాగింది. ఆ వెనకే భయమూ వచ్చింది. గురప్ప రక్తంలో ఏముందో గురప్పకే తెలియదు. సంతోషమ్మ కుళాయి కింద సబ్బుతో వేలు కడుక్కుని, దాన్ని పిండకుండా, నోట్లో పెట్టుకోకుండా నేరుగా డాక్టరు గదిలోకి నడిచింది.

"సార్, నాకే గుచ్చుకునింది."

"నీకా సంతోషమ్మా?"

"నాకే. ఇంకోసారి అడగొద్దు సార్."

డాక్టరు నవ్వు ఆపుకుని మందుల బీరువా తీశాడు. "హెచ్‌ఐవీ లాంటిది సోకకుండా ఇప్పుడే మొదటి మాత్ర మింగమ్మా. గురప్ప ఒప్పుకుంటే ఆయన రక్తం పరీక్ష చేద్దాం. ఏమీ లేదంటే మాత్రలు ఆపేద్దాం."

గురప్పను అడిగే పని చిన్న నర్సు జెస్సికాకు పడింది. "తాతా, నీకేసిన సూది సిస్టరమ్మకు గుచ్చుకునింది. రొంత రక్తమిస్తావా?"

గురప్ప ముఖం పాలిపోయింది. "అయ్యో! నా షుగరు ఆ తల్లికి అంటుకునిందా!"

"షుగరు అంటుకునేది కాదు తాతా!" అని జెస్సికా అరిచేసరికి ఆయన సోమల బస్సులో ఉన్నాడు.

బస్సులోంచే పెళ్ళాం పాపక్కకు ఫోన్ చేసి ఏడ్చాడు. పాపక్క పక్కింటి పూలమ్మకు చెప్పింది. పూలమ్మ చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద, ప్రార్థన అంశం చేతికి వస్తే ఆలస్యం చేయడం పాపమని నమ్మే మనిషి. వెంటనే వాట్సాప్ గ్రూపులో పెట్టింది. "సంతోషమ్మకు షుగర్ సోకింది, ప్రార్థించండి." షుగర్ ముదిరితే కాలికి ముప్పని అందరికీ తెలుసు గనుక, వాల్మీకిపురంలో ఒకావిడ కాలి కోసం కూడా ప్రార్థించమంది. ఆ అంశం మదనపల్లె చేరేసరికి కాలు తీసేస్తున్నారు.

మధ్యాహ్నానికి క్లినిక్కు ముందు వ్యాను ఆగింది. ఉపన్యాసం వినాల్సిన నర్సులందరూ దిగారు. వాళ్ళ టీచరు అమరావతి చేతిలో అరటిపండ్లు, వెనక ఇద్దరమ్మాయిలు తోసుకొస్తున్న చక్రాల కుర్చీ. వరండాలో నిలబడిన సంతోషమ్మను చూడగానే అందరి కళ్ళూ కిందికి పోయాయి.

"మేడం, రెండూ ఉండాయి!" అంది ఒక పిల్ల.

అప్పుడే ఆటోలోంచి గురప్ప దూకాడు. కాలి కబురు పాపక్క ద్వారా ఆయనకూ అందింది. "డాక్టరప్పా, నా రక్తం ఎంత కావాల్నో తీసుకోండి! ఆయమ్మ కాలు మాత్రం తీయొద్దండి!"

డాక్టరు ఆయన్ను కూర్చోబెట్టి విషయమంతా నిదానంగా చెప్పి, మళ్ళీ అడిగి, కావలసినంతే తీశాడు. పరీక్షలో ఏ జబ్బూ లేదని తేలింది. మాత్రలు ఆపేయమన్నాడు. సంతోషమ్మ "స్తోత్రం" అని గోడకు ఆనుకుంది.

నర్సులు ఇంకా ఆమె కాళ్ళే చూస్తున్నారు. వదంతి అని చెప్పి, టీ ఇచ్చి పంపేయవచ్చు. పేరు నిలుస్తుంది. సంతోషమ్మ కొంగు సర్దుకుంది.

"నా కాలికేమీ కాలేదమ్మా. వేలికి సూది గుచ్చుకునింది. యాలంటే, మిమ్మల్ని చేయొద్దని చెప్పబోయిన పని నేనే చేస్తిని. కడుక్కుంటి, పోయి సార్‌కు చెప్తిని. చెప్పేటప్పుడే, గుచ్చుకునిందాని కంటే ఎక్కువ నొప్పి."

వెనక నుంచి నిఖిత అనే అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, పోయిన నెల నాకూ గుచ్చుకునింది. తిడతారని చెప్పలేదు." ఆ పక్కన ఇంకో చెయ్యి లేచింది, దాని వెనక మరొకటి. అమరావతి చేతిలో అరటిపండ్లు కుర్చీలోకి జారాయి. డాక్టరు ఆ అమ్మాయిలందరికీ పరీక్షలు రాయడం మొదలుపెట్టాడు.

సంతోషమ్మ ఛాతీ పొంగింది. సూది గుచ్చుకోని చెయ్యని చెప్పుకున్న ఏ రోజూ ఆమెకు ఇంత గర్వంగా అనిపించలేదు. నిఖిత భుజం మీద చెయ్యి వేసి, "భయపడొద్దమ్మా, నేనుండాను" అంది.

ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన జరిగింది, సంతోషమ్మ కాలు తిరిగి వచ్చినందుకు.