మోటారు కాలితేనే ఇంగ్లీషు

పిల్లలకు ఇంగ్లీషు రావడం లేదని దిగులుపడే తల్లిదండ్రులారా! కోచింగులు మానిపించండి. మీ ఊరి మంచినీళ్ల మోటారు కాలిపోయేలా చూసుకోండి!

నవ్వకండి. నేను చాలా సీరియస్‌గా చెబుతున్నాను. నరసరావుపేటలో ఫీజులు కట్టి స్పోకెన్ ఇంగ్లీష్ నేర్చుకున్నవాళ్లను చూశాను. గుడ్ మార్నింగ్ అన్నాక ఏమనాలో వాళ్లకు తోచదు. మా ఊళ్లో ట్యాంకు మోటారు కాలిపోయి పదకొండు నెలలు అలాగే పడుంది. బడి మొహం చూడని మా రోశమ్మత్త కూడా, ఒకేలా కనిపించే రెండు ఇంగ్లీషు మాటలకు తేడా ఏమిటో ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

పద్ధతి చాలా తేలిక. సోమవారం అర్జీల రోజున మండలాఫీసులో తెలుగులో కాగితం ఇస్తాం. నాలుగు రోజులకు నా ఫోనుకు ఇంగ్లీషులో రిప్లై వస్తుంది. పదో తరగతి ఇంగ్లీషులో పాసవడానికి ఎన్ని మార్కులు కావాలో సరిగ్గా అన్నే తెచ్చుకున్నవాణ్ణి కాబట్టి ఊరికి పండితుణ్ణి నేనే. కోటేశ్వరి టీ కొట్టు దగ్గర క్లాసు పెడతాను.

మొదటి రిప్లై, ‘నోటెడ్’. అంటే రాసుకున్నారు. దేనిమీద రాసుకున్నారని అడగకూడదు.

రెండోది, ‘విల్ లుక్ ఎట్ ఇట్’. మూడోది, ‘విల్ లుక్ ఇంటూ ఇట్’. రెండూ చూడటమేగా అంటారా? అయ్యో, ఎంత అమాయకులండీ! ‘ఎట్’ అంటే కుర్చీలో వెనక్కి వాలి చూడటం. ‘ఇంటూ’ అంటే కళ్లజోడు పెట్టుకుని మరీ చూడటం. ఈ తేడా తెలుసుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఆ రెండు నెలలూ ఆడవాళ్లు పొలాల్లోని బోరు నుంచి బిందెలు మోశారు. మరి చదువంటే కష్టపడాలి కదా?

తర్వాత ‘అండర్ కన్సిడరేషన్’ వచ్చింది. ఫైలు బల్ల మీదకు చేరిందన్నమాట. ఆపైన ‘అండర్ యాక్టివ్ కన్సిడరేషన్’ వచ్చేసరికి కొట్టు దగ్గర పెద్ద చర్చే జరిగింది. యాక్టివ్ అంటే ఏమిటి? చివరికి రోశమ్మత్తే తేల్చింది. ఫ్యాను వేస్తే ఫైల్లో కాగితాలు కదులుతాయి, అదే యాక్టివ్ అంది. ఏ డిక్షనరీలో ఉందండీ ఇంత చక్కటి వివరణ?

ఈ చదువు ఊరికి ఎంత మేలు చేసిందో చూడండి. అన్నం ఎప్పుడు పెడతావని మొగుడు తిరుపతిరావు అడిగితే, కోటేశ్వరి ‘ఇన్ డ్యూ కోర్స్’, అంటే వీలైనప్పుడు, అంటుంది. ఆయన ఇంకో టీ తాగుతాడు. మా ఊరి కుర్రాడు కిరణ్‌కు సంబంధం చూస్తే, పిల్ల తరఫువాళ్లు ఆలోచిస్తామన్నారు. యాక్టివ్‌గానా, మామూలుగానా అని మావాడు అడిగాడు. వాళ్లు మళ్లీ ఫోనెత్తలేదు, అది వేరే సంగతి.

ఇంతలో రోశమ్మత్త మోకాళ్లు అరిగాయి. రెండు బిందెలు మోసేది ఒక్క బిందెకు దిగింది. అయినా క్లాసు మానలేదు.

కిందటి నెల, మిట్టమధ్యాహ్నం, ఆఫీసు నుంచి ఇంజనీరు గారు స్వయంగా వచ్చారు. ట్యాంకు చుట్టూ తిరిగి ఫొటోలు తీసుకున్నారు. మన పల్నాడు ఎండ సంగతి మీకు తెలిసిందే. ఆయన చేతిలో సీసా ఖాళీ అయింది. రోశమ్మత్త ఇంటి అరుగు మీద ఆయన కూలబడి, కాసిని మంచినీళ్లు ఇవ్వమని ఆవిణ్ణి అడిగారు. చక్కటి తెలుగులోనే అడిగారు సుమండీ!

“నోటెడ్ సార్,” అంది రోశమ్మత్త.

ఆయన నవ్వారు. మళ్లీ అడిగారు. విల్ లుక్ ఇంటూ ఇట్ అంది. మూడోసారి అడిగితే అండర్ కన్సిడరేషన్ అంది. ఆయన నవ్వు ఆగిపోయింది. నిజంగానే నోరెండిపోతోందమ్మా అన్నారు.

రోశమ్మత్త లోపలికెళ్లి విసనకర్ర తెచ్చి, ఆయనకు నెమ్మదిగా విసరసాగింది.

“ఇప్పుడు యాక్టివ్ సార్.”

నాలుగు విసుర్లు విసిరి విసనకర్ర పక్కన పెట్టింది. ఆవిడే లేచి, మోకాలు పట్టుకుని లోపలికెళ్లి, ఉన్న ఒక్క బిందెలోంచి చెంబు ముంచి తెచ్చి ఆయన చేతికిచ్చింది.

“నాలుగు మాటలకే గొంతెండిపోయిందా అయ్యా? మేము పదకొండు నెలలబట్టి చదువుతానే ఉన్నాం. చానా బాగా చెప్పారు పాఠం.”

ఆయన చెంబెడు నీళ్లూ తాగి, తలెత్తకుండా జీపెక్కారు.

ఆ సోమవారం నా ఫోనుకు రిప్లై వచ్చింది. తెలుగులో! ‘గురువారం ఉదయం కొత్త మోటారు బిగిస్తాం.’ కొట్టు దగ్గర అందరం కూర్చుని అటు తిప్పి ఇటు తిప్పి చదివాం. రెండో అర్థం దొరకలేదు. గురువారం మోటారు వచ్చింది, నీళ్లూ వచ్చాయి. నా క్లాసు మూతపడింది.

నేను దీన్ని తీవ్రంగా ఖండిస్తున్నాను. అదేం రిప్లై అండీ? చదవగానే అర్థమైపోయింది!