నూనె సీసాతో సహా రావలెను

గురువారం పొద్దున శ్రీపతి వేసుకున్న పథకంలో ఎక్కడా లోపం లేదు. తొమ్మిదిన్నరకు అబిడ్స్ పోస్టాఫీసు వెనక సందులో తన డీటీపీ షాపు తెరవాలి. పదకొండు లోపల నాంపల్లి చర్చి వారి వారపత్రం కొట్టి పంపేయాలి. పదకొండుకు భార్య నళిని వస్తుంది, ఇద్దరూ వెళ్లి దీపావళి బట్టలు కొనాలి. కిందటేడు ఆమెను షాపు బయట ముప్పావుగంట నిలబెట్టిన పాపానికి శ్రీపతి పండగంతా పాత లాల్చీతోనే గడిపాడు. ఈసారైనా ఆ గతి పట్టకూడదని అతని కోరిక.

వారపత్రం అంటే నాలుగు పేజీల కాగితం. రాబోయే ఆదివారం ఆరాధనలో చదివే బైబిలు పాఠాలు, వాటి మీద పాస్టరు ప్రసన్నకుమార్ గారు రాసిన ధ్యానం, చివరి పేజీలో ప్రకటనలు ఉంటాయి. శుక్రవారం సాయంత్రం చర్చివాళ్లు ఇళ్లల్లో గుంపులుగా కూర్చుని దాన్ని చదువుకుని, ఆలోచించుకుని, మనసు సిద్ధం చేసుకుని ఆదివారం రావాలని ఉద్దేశం. చాలామంది నిద్ర సిద్ధం చేసుకుని వస్తారని చర్చి కాపలాదారు బిచ్చయ్య అంటుంటాడు. శ్రీపతి పదకొండేళ్లుగా ఆ పత్రం వేస్తున్నాడు, ఒక్కటీ చదవలేదు. మార్జిన్లు సరిపోయాయా లేదా చూస్తాడంతే. ఆంజనేయస్వామి భక్తుడికి అంతకు మించి అవసరం లేదని అతని లెక్క.

అయినా ఆ పత్రమంటే అతనికి ప్రాణం. శుభలేఖలు ఫోన్లలోకి వెళ్లిపోయాయి, విజిటింగ్ కార్డులు అడిగేవాడు లేడు. వారం వారం తప్పకుండా వచ్చే పని ఇదొక్కటే మిగిలింది. దీనికీ ఇప్పుడు గండం వచ్చింది. చర్చి కొత్త కార్యదర్శి విజయేందర్‌కు కాగితమంటే చిరాకు. పత్రం ఆపేసి అందరికీ ఫోన్లో పంపిద్దామని ప్రతిపాదన పెట్టాడు. ఈ ఆదివారం ఆరాధన కాగానే కమిటీ తేల్చబోతోంది. అది పోతే షాపుకు షట్టరు వేయడం ఒక్కటే మిగిలిన పని అని శ్రీపతికి తెలుసు. నళినికి ఇంకా చెప్పలేదు.

సరిగ్గా ఈ వారమే పాస్టరు గారి ధ్యానం రాలేదు. ఆయన మేనకోడలి పెళ్లికని తెనాలి దగ్గర ఒక పల్లెకు వెళ్లారు. బుధవారం ఫోన్లో పంపుతానన్నారు. గురువారం పదింపావైనా ఆయన ఫోను అందుబాటులో లేదనే చెబుతోంది. పత్రం ఆలస్యమైతే విజయేందర్‌కు అంతకంటే మంచి సాకు దొరకదు.

అప్పుడు శ్రీపతికి జ్ఞానోదయమైంది. ఈ పాఠాలకు ఒక పట్టిక ఉందని, మూడేళ్లకొకసారి అవే పాఠాలు అదే వరసలో తిరిగొస్తాయని పాస్టరు గారే ఒకసారి చెప్పారు. మనకు ప్రభవ, విభవలు తిరిగి రావడానికి అరవయ్యేళ్లు పడితే వీళ్లు మూడేళ్లలో ముగించారే అని శ్రీపతి అప్పట్లో మెచ్చుకున్నాడు కూడా. కంప్యూటర్లో మూడేళ్ల కిందటి ఫైలు తీశాడు. ఉంది. పదిమంది కన్యకలు దీపాలు పట్టుకుని పెళ్లికొడుకు కోసం ఎదురుచూసే పాఠం. విడిగా నూనె తెచ్చుకున్న అయిదుగురు లోపలికి వెళ్తారు, తెచ్చుకోని అయిదుగురు తలుపు బయట మిగిలిపోతారు. దేవుడి మాట మూడేళ్లలో పాతబడదు కదా అనుకుని శ్రీపతి పైన తేదీ మార్చాడు, నాలుగు వందల కాపీలు కొట్టాడు, బిచ్చయ్య సైకిలుకు కట్టి పంపాడు. నళిని వచ్చేసరికి షాపు మూసి, తల దువ్వుకుని, గుమ్మంలో నిలబడి ఉన్నాడు. కొత్త లాల్చీ దక్కింది.

శనివారం పొద్దున కమలకుమారి గారు షాపుకు వచ్చారు. టీచరుగా రిటైరై రెండేళ్ల కిందట కాకినాడ నుంచి వచ్చి గన్‌ఫౌండ్రీలో స్థిరపడ్డారు. చర్చిలో స్త్రీల సమాజానికి కొత్త అధ్యక్షురాలు, కమిటీలో సభ్యురాలు. ఆమె చేతి సంచి నిండా మట్టి ప్రమిదలున్నాయి.

"శ్రీపతి గారూ, ఒక్క సందేహమండి. దీపం మట్టిదే అయ్యుండాలా, ఇత్తడిదైనా పర్వాలేదా? పత్రంలో ఆ వివరం లేదు."

"ఏం దీపం మేడం?"

ఆమె నాలుగో పేజీ విప్పి అతని ముందు పెట్టారు. శ్రీపతి పదకొండేళ్లలో మొదటిసారి ఆ పత్రంలో ఒక ప్రకటన చదివాడు. ట్రాన్స్‌ఫార్మరు మార్చుచున్నందున ఆదివారం చర్చిలో కరెంటు ఉండదట. దానిని దేవుడిచ్చిన అవకాశముగా ఎంచి, పాఠములోని కన్యకల వలె సిద్ధపడి, ఆరాధనకు తెల్లవారుజామున అయిదు గంటలకే, ప్రతి కుటుంబము ఒక దీపము, నూనె సీసాతో సహా రావలెనట. మూడేళ్ల కిందట మారిన ట్రాన్స్‌ఫార్మరు అది.

నిజం చెబితే రేపటి కమిటీలో ఈవిడే చెబుతుంది, చదవకుండా అచ్చేసేవాడికి పత్రం ఎందుకని. ఆ తర్వాత విజయేందర్ నోరు కూడా తెరవనక్కర్లేదు. శ్రీపతి గొంతు సవరించుకున్నాడు.

"మట్టిదైతేనే మంచిగుంటది మేడం."

"నేనూ అదే అనుకున్నానండి," అన్నారామె తృప్తిగా. మొన్న సాయంత్రమే పత్రం అందిందట. అప్పటి నుంచి డెబ్బై ఇళ్లకూ స్వయంగా ఫోన్లు చేశారట. పిల్లలకు పరీక్షలున్నాయన్న వాళ్లను, మోకాళ్ల నొప్పులన్న వాళ్లను కూడా వదల్లేదట. పత్రంలో అచ్చయ్యాక ఇంక సాకులేమిటని ఆమె వాదన. ప్రమిదలు లేనివాళ్ల కోసం మొజంజాహీ మార్కెట్లో బేరమాడి తెచ్చినవే ఆ సంచిలోవి.

ఆమె వెళ్లగానే శ్రీపతి లెక్క వేసుకున్నాడు. దీపాలు వస్తాయి, నూనె వస్తుంది, జనం వస్తారు. రావలసినది కరెంటు కోత ఒక్కటే. లైట్లు ధగధగా వెలుగుతుంటే అందరూ పత్రం తిరగేసి చూస్తారు. వెంటనే వెళ్లి తెలిసిన లైన్‌మన్ భూపాల్‌కు ఇరానీ చాయ్ తాగించి, రేపు పొద్దున ఒక గంట చర్చికి కరెంటు తీయమని బతిమాలాడు. భూపాల్ చాయ్ పూర్తిగా తాగాకే జవాబిచ్చాడు. "పండుగ పొద్దుగాల కరెంటు తీస్తే జనం నా ప్రాణం తీస్తరన్నా."

ఇక బిచ్చయ్య ఒక్కడే దిక్కు. మెయిన్ ఫ్యూజు పీకమని ఎలా అడగాలో తెలియక శ్రీపతి చర్చి గేటు దగ్గర నీళ్లు నమిలాడు. బిచ్చయ్య మాత్రం తడుముకోలేదు. ఆ పని తాను ఎప్పుడో ఆలోచించి పెట్టుకున్నాడు.

"పత్రంల రాసిన్రు గద సారు, కరెంటు ఉండదని. ఉంటేనే తప్పయితది."

ఆదివారం తెల్లవారుజామున శ్రీపతి నిజానికి కాచిగూడలో ఉండాలి. దీపావళి పొద్దున చెల్లెలు హారతి పడుతుంది. నళినిని ముందు పంపించి, తలంటుకుని, కొత్త లాల్చీ వేసుకుని చర్చి ప్రహరీ పక్కన నక్కి నిలబడ్డాడు. రెండో పాట అయ్యాక గానీ గేటు తొక్కని సంఘం ఆ రోజు అయిదుకు పది నిమిషాల ముందే చీకట్లో బారులు తీరింది. చేతిలో దీపం, చంకలో నూనె సీసా. హాలు నిండిపోయి మెట్ల మీద, ప్రహరీ మీద కూడా దీపాలు పెట్టారు. వీధిన పోయే వాళ్లకు పండగ నాడు అది గుడి కాదని ఎలా తెలుస్తుంది? ఇళ్లల్లో హారతులు ముగించుకున్న ఆడవాళ్లు నలుగురు తామూ తలో దీపం తెచ్చి మెట్ల మీద పెట్టి దండం పెట్టారు. ప్రదక్షిణ ఎటు వైపు నుంచి అని అడిగితే బిచ్చయ్య తడబడకుండా ఎడమ వైపు చూపించాడు.

పావురాల బెడద వల్ల హాలు కిటికీలు ఏడాది పొడుగునా మూసే ఉంటాయి. అరగంటలో నూనె పొగ పైకెక్కి వెంటిలేటర్లలోంచి మబ్బులా బయటకొచ్చింది. ఎదురు లాడ్జిలో నిద్ర లేచిన పుణ్యాత్ముడెవరో చర్చి తగలబడుతోందని ఫోన్ చేశాడు. ఫైరింజను గంట కొట్టుకుంటూ వచ్చి గేటుకు అడ్డంగా ఆగింది. దాని వెనకే, నాంపల్లి స్టేషన్లో రైలు దిగిన పాస్టరు ప్రసన్నకుమార్ గారి ఆటో కూడా ఆగింది.

ఆయన చూసిందేమిటంటే చీకటి చర్చి, దాని నెత్తిన పొగ, ముందు ఫైరింజను, చుట్టూ ప్రదక్షిణ చేస్తున్న నలుగురు ముత్తయిదువలు. మెట్ల మీద ఒక ఫైర్‌మన్ గొట్టం విప్పుతున్నాడు. కమలకుమారి గారు అతనికి అడ్డంగా నిలబడి ఉన్నారు.

"డెబ్బై ఇళ్లకి ఫోన్లు చేసి వెలిగించిన దీపాలు బాబూ ఇవి. ఆశీర్వాదం అయ్యేదాకా ఒక్కటీ ఆరడానికి వీల్లేదు."

పాస్టరు గారు ఇదంతా ఏమిటని విజయేందర్‌ను అడిగారు. అతను పత్రం ఆయన చేతిలో పెట్టాడు. "మీరే రాసిన్రు గద అయ్యగారు." పాస్టరు గారు దీపం వెలుగులో నాలుగో పేజీ చదివారు. ఇంకోసారి చదివారు. ఇది అచ్చు వేసిన మనిషి ఎక్కడని అడిగారు. శ్రీపతి ప్రహరీ పక్కనుంచి కదిలి వచ్చాడు.

ఆయన అతన్ని వెనక గదిలోకి తీసుకెళ్లి తలుపు వేశారు. శ్రీపతికి దుఃఖం ముంచుకొచ్చింది. పదకొండేళ్ల పని, మూతపడబోయే షాపు, ఇంకా ఏమీ తెలియని నళిని, అన్నీ ఒక్కసారి కళ్ల ముందుకొచ్చాయి.

"తప్పయింది అయ్యగారు. మీ ఫోను కలువలే. మూడేండ్ల కిందటిది తీసి తేదీ మార్చిన. నాలుగో పేజీ చూస్కోలే. గీ ఒక్క పనే మిగిలింది నాకు. నా పొట్ట కొట్టకున్రి."

పాస్టరు గారు చేతిసంచి తెరిచి, మడత పెట్టిన ఒక పాత కాగితం తీసి బల్ల మీద పరిచారు. అది మూడేళ్ల కిందటి అదే వారపత్రం. పైన తేదీ ఎర్ర సిరాతో కొట్టేసి ఈ ఆదివారం తేదీ వేసి ఉంది. కింద దీపాల ప్రకటన మీద అడ్డగీత ఉంది.

"బుధవారం ఇదే ఫోటో తీసి పంపుదామనుకున్నానండి," అన్నారు గొంతు తగ్గించి. "ఆ ఊళ్లో సిగ్నల్ లేదు." ప్రసంగం కూడా అదేనా అని శ్రీపతి అడగలేదు, ఆయన చెప్పలేదు. ఆయనే మళ్లీ అన్నారు. "అప్పుడు ఈ ప్రకటన చూసి వచ్చింది నలుగురండి. అందులో బిచ్చయ్య ఒకడు."

బయటకొచ్చి పాస్టరు గారు ఫైరింజను వాళ్లకు నచ్చజెప్పి పంపారు, కిటికీలు తెరిపించారు, సిద్ధపాటు గురించి నలభై నిమిషాలు ప్రసంగించారు. పొగకు కళ్లు మండి ఒక్కరూ నిద్రపోలేదు. ఇంత కదిలించే ప్రసంగం తాను వినలేదని కమలకుమారి గారు కళ్లు తుడుచుకుంటూ అందరితోనూ చెప్పారు.

కమిటీ కూర్చుంది. విజయేందర్ తన ప్రతిపాదనలోని లాభాలన్నీ వివరించి, అన్నిటికంటే పెద్దదాన్ని చివరికి ఉంచాడు. "ఇంకోటేందంటే అయ్యగారు, పాత ధ్యానాలన్ని గూడ ఫోన్లనే ఉంటయి. ఏ ఏడుది కావాల్నంటే ఆ ఏడుది తీసి పక్కపక్కన పెట్టి చూస్కోవచ్చు."

పాస్టరు గారు లేచి నిలబడ్డారు. కాగితం చేతిలో ఉంటే వచ్చే భక్తి ఫోనులో రాదన్నారు. ఈ ఉదయం సంఘాన్ని వేళకు రప్పించింది ఏమిటో కళ్లారా చూశాం కదా అన్నారు. కమలకుమారి గారు ఆయన్ని గట్టిగా బలపరిచారు. వారపత్రం ఎప్పటిలాగే శ్రీపతి షాపులోనే అచ్చవ్వాలని తీర్మానం రాశారు. చర్చి వరండాలో నిలబడి వింటున్న శ్రీపతి లాల్చీ అంచుతో ముఖం తుడుచుకుని, కాచిగూడకు ఆటో కోసం బయటికి నడిచాడు.

తీర్మానానికి పాస్టరు గారు సూచించిన సవరణ ఒక్కటే: ఇకమీదట పత్రం మీద సంవత్సరం వేయనక్కర్లేదు.