కంకర జామీను

కొత్త హైవేలో పరాయి రాయి ఒక్కటి కూడా ఉండబోదని మంత్రిగారు ప్రకటించారు. "ఈ నేల మీద పుట్టిన రాయే ఈ నేల మీద రోడ్డవుతుంది! ఎక్కడో పుట్టిన రాయి మీద నా కారు నడవదు, నడవనివ్వను!" అని ఆయన బల్ల గుద్ది మరీ చెప్పారు. బల్ల దిగుమతి సరుకు కావడం వల్ల తట్టుకుంది.

మర్నాటికల్లా ఆ మాటలు ఆర్డరు రూపంలో రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డుకు చేరాయి. ఆ షెడ్డే ల్యాబు. అందులో కంకరను పరీక్షించే ఉద్యోగిని అందరూ సుత్తి అని పిలుస్తారు. ఇనప గిన్నెలో కంకర పోసి, దాని మీద పద్నాలుగు కిలోల సుత్తిని పదిహేనుసార్లు వదలడం అతని పని. ఆ పని గురించి ఎవరైనా అడిగితే గంటసేపు చెప్పడం అతని అలవాటు. పేరుకు రెండు కారణాలూ సరిపోయాయి.

పదిహేను దెబ్బల తర్వాత నూటికి ముప్పై పాళ్లకు మించి పొడి రాలితే ఆ కంకర రోడ్డుకు పనికిరాదు. పద్దెనిమిదేళ్లుగా సుత్తి ఈ లెక్క తప్పలేదు. పద్దెనిమిదేళ్లుగా టెంపరరీయే. అతన్ని పర్మనెంటు చేయాలన్న ఫైలు ఇంజినీరుగారి బల్ల మీద, ఒక నల్లరాయి కింద, ఎగిరిపోకుండా భద్రంగా ఉంది. ఆ సంవత్సరం దాటితే వయసు మీరిపోతుంది, ఇక ఆ ఫైలుతో పని ఉండదు.

ఆర్డరు ప్రకారం రహదారికి వాడే ప్రతి రాయికీ స్థానికత ధ్రువపత్రం ఉండాలి. రాళ్ల కోసం వేరే ఫారం అచ్చు వేయించే వ్యవధి లేక, మనుషుల ఫారం మీదే 'వ్యక్తి' కొట్టేసి 'రాయి' అని రాసుకోమన్నారు. ప్రభుత్వం తలుచుకుంటే పని ఎంత చురుగ్గా జరుగుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

ల్యాబు కిటికీలోంచి చూస్తే రెండు మైళ్ల దూరంలో కొండ కనిపిస్తుంది. సుత్తి స్వయంగా వెళ్లి అక్కడి రాయి కొట్టించి తెచ్చాడు. పదిహేను దెబ్బలకు రాలిన పొడి పద్నాలుగు పాళ్లు. అతనికి ప్రాణం లేచివచ్చింది. ఫారం పట్టుకుని ధ్రువపత్రాల ఆఫీసుకు పరిగెత్తాడు.

"పేరు?" కౌంటరు వెనక గుమాస్తా అడిగాడు.

"కంకరండి. ఇరవై ఎంఎం."

"ఇంటిపేరు ఏది?"

"ఇరవై ఎంఎం అనుకోండి."

"తండ్రి?"

"కొండండి."

"బతికే ఉన్నారా?"

సుత్తి వీధి గుమ్మంలోంచి తొంగిచూశాడు. "ఉన్నారండి."

"పుట్టిన తేదీ?"

"కొన్ని కోట్ల సంవత్సరాల కిందటండి."

"నేనడిగింది తేదీ. పోనీ కొండగారి పేరు మీద కరెంటు బిల్లుందా?"

"కొండకి కరెంటెందుకండీ?"

"కరెంటు లేకుండా ఇన్నాళ్లు ఎవరైనా ఉంటారా? ఉండలేదన్నమాట." గుమాస్తా ఎర్ర ముద్ర వేశాడు.

అంతటితో ఆగితే అది ఆఫీసెందుకవుతుంది? ధ్రువపత్రం లేకుండా అంత స్థలం ఆక్రమించినందుకు, ఏడు రోజుల్లో ఖాళీ చేయమని కొండకు నోటీసు వెళ్లింది. పట్టుకెళ్లిన బంట్రోతు దాన్ని ఒక బండకు అంటించి, 'నోటీసు అందుకున్నట్టు సంతకం చేయుటకు కొండ నిరాకరించినది' అని రాసుకొచ్చాడు.

ఇక మంత్రిగారి బావమరిది సంగతి. ఆయన క్వారీ మూడు వందల మైళ్ల అవతల ఉంది. అయితే ఆయన ముందుచూపున్న మనిషి. ల్యాబు పక్క ఖాళీ స్థలంలో నలభై లారీల కంకర గుట్టగా పోయించి, ఆ గుట్ట పేరు మీద అద్దె అగ్రిమెంటు రాయించాడు. మీటరు పెట్టించి, గుట్ట నెత్తిన ఒక బల్బు వెలిగించాడు. నెల తిరిగేసరికి కరెంటు బిల్లు వచ్చింది. బిల్లు వచ్చిన రోజే ధ్రువపత్రం వచ్చింది. గుర్తింపు చిహ్నాల దగ్గర 'ఎడమ వైపున పుట్టుమచ్చ' అని గుమాస్తా తానే దయతలచి రాశాడు.

మంత్రిగారు వచ్చి, గుట్టలోంచి ఒక రాయిని అందుకుని ఫొటో దిగారు. "ఇదీ మన బిడ్డ!" అన్నారు. తర్వాత అరచేతికి అంటిన పొడిని రుమాలుతో చాలాసేపు తుడుచుకున్నారు.

సుత్తి ఆ కంకరను పరీక్షించాడు. పొడి అరవై ఒక్క పాళ్లు. తప్పు చేశానేమోనని మళ్లీ కొట్టాడు. ఈసారి అరవై నాలుగు. కాగితం పట్టుకుని ఇంజినీరుగారి గదికి వెళ్లాడు.

"ఎన్ని దెబ్బలు కొట్టావయ్యా?" ఇంజినీరుగారు అడిగారు.

"పదిహేనేసి సార్, రెండుసార్లు. రూలు."

"దాని దగ్గర ధ్రువపత్రం ఉందని తెలుసా?"

"తెలుసు సార్."

"తెలిసి, ఒక స్థానికుణ్ణి ముప్పై దెబ్బలు కొట్టావు! రేపు కేసు పెడితే నీ మీదా, నా మీదా?"

"అది రాయి సార్."

"ఫారంలో ఎక్కడైనా రాయిని కొట్టొచ్చని ఉందా? చూపించు." ఇంజినీరుగారు కాస్త మెత్తబడ్డారు. "ఇకమీదట నోటి పరీక్ష పెట్టు. అడుగు, చెప్పింది రాసుకో. అన్నట్టు..." ఆయన నల్లరాయి ఎత్తి పక్కన పెట్టి, దాని కిందున్న ఫైలు దుమ్ము దులిపారు. "నీ ఫైలు ఇవాళే చూద్దామనుకుంటున్నాను."

సుత్తి ల్యాబుకు వచ్చి కంకర రాయిని బల్ల మీద కూర్చోబెట్టి, తాను ఎదురుగా స్టూలు వేసుకున్నాడు.

"బరువు లారీలు నీ మీద వెళ్తే నువ్వు పొడవుతావా?"

పది నిమిషాలు ఆగాడు. రాయి మాట్లాడలేదు. 'అభ్యర్థి పొడి కాదలచుకున్నట్టు చెప్పలేదు. పాసు' అని రాసి సంతకం పెట్టాడు. సుత్తిని అన్నేళ్లు ఎత్తిన చేతికి ఆ పెన్ను బరువనిపించింది. సిగ్గేసింది. ఎవరూ చూడకుండా కిటికీ తలుపు మూసేశాడు, అవతల కొండ ఉందని.

నాలుగు నెలల్లో రోడ్డు పూర్తయింది. ఇంజినీరుగారు మాట తప్పే మనిషి కాదు. ఫైలు మీద సంతకం చేసి, "ఒక్కటే తక్కువయ్యా. పర్మనెంటు ఉద్యోగి స్థానికుడై ఉండాలట. నీ ధ్రువపత్రం రేపు సాయంత్రం అయిదులోపు తెచ్చెయ్. రేపటితో నీ వయసు దాటిపోతుంది," అన్నారు.

సుత్తి అదే కౌంటరుకు వెళ్లాడు. పుట్టిన తేదీ ఉంది. కరెంటు బిల్లు ఇంటివాళ్ల పేరు మీద ఉంది. పద్దెనిమిదేళ్లుగా ఆ మేడమీది గదిలోనే అద్దెకుంటున్నాడు కానీ, అగ్రిమెంటు రాస్తే ఇల్లు కాజేస్తాడని ఇంటాయన రాయలేదు.

"అయితే మీరక్కడ ఉండటం లేదు," అన్నాడు గుమాస్తా.

"రోజూ ఇటువైపే కదండీ వెళ్తాను? మీరూ చూస్తుంటారు."

"నేను చూస్తే చాలదు, బిల్లు చూడాలి. లేదా ధ్రువపత్రం ఉన్న స్థానికుడొకరు వచ్చి జామీనుండాలి."

ఇంటికి వచ్చి చతికిలబడ్డాడు. ఇంటాయన జామీను మాట ఎత్తగానే తలుపేసుకున్నాడు. చుట్టుపక్కల అందరూ అద్దెవాళ్లే, ఎవరి దగ్గరా ధ్రువపత్రం లేదు. భార్య కుట్టుమిషను ఆపి అడిగింది.

"ఇన్నేళ్ల ఉద్యోగంలో మీకు తెలిసిన స్థానికుడు ఒక్కడూ లేడుటండీ?"

"ఒకడున్నాడే. కానీ రాయి."

"మనుషులు చేసిన సాయం చూశాంగా. ఆ రాయినే అడగండి."

మర్నాడు మధ్యాహ్నం సుత్తి లంచ్ డబ్బాలో తువ్వాలు పరిచి, అందులో గుట్టలో మిగిలిన కంకర రాయినొకదాన్ని పడుకోబెట్టి, పక్కన దాని ధ్రువపత్రమూ పరీక్ష కాగితమూ పెట్టి తీసుకెళ్లాడు. ఊరంతా రోడ్డు ప్రారంభోత్సవానికి వెళ్లింది. ఆఫీసులో గుమాస్తా ఒక్కడే ఉన్నాడు. రాయిని బయటికి తీసి, ధ్రువపత్రంలో పుట్టుమచ్చ దగ్గర వేలు పెట్టి, రాయిని అటూ ఇటూ తిప్పి సరిచూశాడు.

"కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. అదృష్టవంతులు, మంచి జామీను దొరికింది. సంతకం చేస్తారా వీరు?"

"చదువుకోలేదండి."

"వేలిముద్ర అయినా చాలు."

గుమాస్తా సిరా అట్ట మూత తీశాడు. రాయిని దాని మీద అద్ది, సుత్తి దరఖాస్తు మీద నిలబెట్టాడు. ముద్ర సరిగ్గా పడలేదు. "కాస్త గట్టిగా, ఏమనుకోకండి," అని రాయికే చెప్పి, బొటనవేలితో ఒత్తాడు.

చిన్న చప్పుడయింది. గుమాస్తా వేలు తిన్నగా కాగితానికి తగిలింది. దాని చుట్టూ నల్లటి పొడి మిగిలింది.

గుమాస్తా కళ్లజోడు తీసి, మళ్లీ పెట్టుకుని, దరఖాస్తు మీద 'జామీనుదారు మరణించినందున తిరస్కరించడమైనది' అని రాశాడు. తర్వాత పొడిని జాగ్రత్తగా డబ్బాలోకి ఎత్తి ఇచ్చాడు.

"చాలా విచారంగా ఉందండి. బాగా గట్టివారని పరీక్ష కాగితంలో రాసుంది మరి. ఈ సంతకం ఎవరిది?"

బయట సైరన్లు మోగాయి. మంత్రిగారి కార్లు వరసగా వచ్చి, మలుపు తిరిగి, కొత్త రోడ్డెక్కుతున్నాయి. సుత్తి డబ్బా పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్కో కారు రోడ్డెక్కినప్పుడల్లా అతని పెదాలు కదులుతున్నాయి.

"ఏం లెక్కపెడుతున్నారండీ?" అన్నాడు గుమాస్తా వెనకనుంచి.

"ఆరు... ఏడు... ఉండండి సార్, పదిహేను కానివ్వండి."