స్టోర్‌రూములో మేనేజరు

"కుదరదు" అనే మాట నాకు నోట్లోంచి రాదండీ. నాలుక చివరిదాకా వస్తుంది. అక్కడ కాసేపు తటపటాయించి, బయటికొచ్చేసరికి "తప్పకుండానండీ" అయిపోతుంది. నవ్వకండి. మీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది కనక నవ్వొస్తుంది. నాకొచ్చేది ఫోను మాత్రమే.

నేను పిల్లల పుస్తకాలకి బొమ్మలు వేస్తాను. కుందేళ్ళు, ఏనుగులు, టోపీ పెట్టుకున్న ఎలుగుబంట్లు. ఇంట్లోనే పని. పైన ఆఫీసరు లేడు, ఎప్పుడు లేస్తే అప్పుడే తెల్లారినట్టు అని బంధువులందరికీ నామీద అసూయ. సొంత పని చేసుకునేవాడి బాధ వాళ్ళకేం తెలుసు? ఒక్కసారి కాదన్నామంటే ఆ ఫోను ఇక మోగదేమోనని భయం. మోగిందంటే ఉన్న పని మీద ఇంకో పని వచ్చి పడిందని భయం. ఓ పూట మోగకపోతే, పాడైపోయిందేమోనని మా అత్తగారి ఫోన్నుంచి నాకు నేనే చేసి చూసుకుంటాను.

ఈ భయం ముదిరి ముదిరి కుడిచేతి బొటనవేల్లోకి దిగింది. ఎప్పుడు చూసినా తిమ్మిరి. చొక్కా బొత్తాలు కూడా మా ఆవిడే పెట్టాల్సి వచ్చేది. డాక్టరు చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "దీనికి విశ్రాంతి ఇవ్వకపోతే ఇక కుంచె పట్టుకోలేరు" అన్నాడు. నా మొహం చూసి, "మనిషిక్కూడా" అని కలిపాడు.

దానికన్నా నన్ను ఎక్కువ భయపెట్టినది ఇంకొకటుంది. నేను వేసే జంతువులన్నిటికీ కళ్ళ కింద ఉబ్బులు వచ్చేస్తున్నాయి. కుందేలుకీ అవే కళ్ళు, ఎలుగుబంటికీ అవే కళ్ళు. ఆఖరికి సీతాకోకచిలుక కూడా నిద్రలేక చచ్చిపోతున్నట్టే ఉంది. చెరిపి మళ్ళీ వేస్తే ఇంకా ఏడుపుగొట్టు మొహం వచ్చేది. నవ్వు మొహం వెయ్యడం మర్చిపోయానా ఏమిటి!

మా పబ్లిషరు గారికి మా ఇంట్లో "రేపటికల్లా" గారని పేరు. ఏ పనైనా ఆయనకి రేపటికల్లా కావాలి. ఆయన బొమ్మలు చూసి ఫోను చేశాడు.

"ఏవండీ, కథలో ఏనుగుకి పుట్టినరోజు కదా. ఆ మొహం చూస్తే ఎవరో పోయారన్న కబురు విన్నట్టుందేమిటి? మార్చి రేపటికల్లా పంపించండి."

"తప్పకుండానండీ" అన్నాను.

పక్కనే ఉన్న మా ఆవిడ చూసిన చూపుకి ఫోను వేడెక్కింది.

"కుదరదని చెప్పచ్చుగా?"

"చెప్పానుగా."

"ఏమని?"

"రేపు సాయంత్రం కుదరదు, పొద్దున్నే ఇచ్చేస్తానని."

"దాన్ని ఒప్పుకోవడం అంటారండీ."

"కాస్త కోపంగా ఒప్పుకున్నాను."

మా ఆవిడ పొద్దుటిపూట ఓ పంటి డాక్టరు దగ్గర రిసెప్షన్లో పని చేస్తుంది. దవడ బన్నులా వాచి వచ్చినవాడితో కూడా "ఇవాళ కుదరదండీ, గురువారం రండి" అని చల్లగా చెప్పగలదు. వాడు దవడ పట్టుకుని "థాంక్సండీ" అని వెళ్ళిపోతాడు. ఆ విద్య నాకు నేర్పాలని ఎంత తాపత్రయపడిందో! ఓ రోజు తనే పబ్లిషరులా ఎదురుగా కూచుని, "మాకు ఓ పుస్తకం వేసిపెట్టాలండీ" అని అడిగింది. నేను కాదనాలి, అదీ పాఠం. ఒప్పేసుకున్నాను.

అప్పుడు తట్టింది నాకు బ్రహ్మాండమైన ఉపాయం. కాదనడం నాకు చేతకాకపోతే, చేతనయినవాణ్ణి పెట్టుకుంటే సరి. ఒక మేనేజరు! కర్కోటకుడు లాంటి మేనేజరు! అలాంటివాడు దొరకడం కష్టం కనక ఆ మేనేజరు కూడా నేనే అయిపోయాను. పాత ఫోనుకి కొత్త నంబరు తీసుకున్నాను. "పనుల విషయం మేనేజరుతో మాట్లాడగలరు" అని అందరికీ ఆ నంబరు పంపి, గుమ్మం మీద కూడా అంటించాను. ఫోను మోగితే చాలు, స్టోర్‌రూములోకి దూరి, తలుపేసుకుని, పాత పరుపులకీ సూట్‌కేసులకీ మధ్య నిలబడి, గడ్డం గొంతుకి ఆనించి బొంగురు గొంతుతో మాట్లాడేవాణ్ణి.

"ఎవరీ మేనేజరు?" అంది మా ఆవిడ గుమ్మం దగ్గర కాగితం చూసి.

"పెట్టుకున్నాను. చాలా ఖచ్చితమైన మనిషి."

"ఇన్నాళ్ళకి ఓ మంచి పని చేశారు" అని మనస్ఫూర్తిగా సంతోషించింది. నాకు కొంచెం సిగ్గేసింది.

మేనేజరుకి మొదటి ఫోను వచ్చింది.

"మీ ఆర్టిస్టు గారికి ఖాళీ ఉందాండీ?"

"లేదు" అన్నాను. నాకే ఒళ్ళు పులకరించింది.

"అయ్యో. పోనీలెండి, ఇంకెవరినైనా చూసుకుంటాం."

ఇంకెవరినైనా! మేనేజరుకి ముచ్చెమటలు పోశాయి. "ఇంకెవరో ఎందుకండీ? నేనాయన్ని ఒప్పిస్తానుగా!" అనేశాడు.

అది మొదలు. నేనయితే కనీసం నా బొటనవేలు తల్చుకుని కాస్త నసిగేవాణ్ణి. మేనేజరుకేం, బొమ్మ వేసేది వాడు కాదుగా! అడిగినవాళ్ళకి అడిగినంత. అడగనివాళ్ళకి వాడే ఫోను చేసి "ఏమైనా పనుందా" అని కనుక్కునేవాడు. ఆ వారంలో నేను జన్మలో ఒప్పుకోనన్ని పనులు ఒప్పుకున్నాడు. వాణ్ణి ఉద్యోగంలోంచి తీసేద్దామంటే ఆ మాట వాడితో ఎలా చెప్పాలో తెలియలేదు.

ఓ మధ్యాహ్నం అందరం కాఫీ తాగుతున్నాం. మా అత్తగారు ఇంకో కప్పు పట్టుకొచ్చారు.

"అల్లుడుగారూ, స్టోర్‌రూములో ఉన్న పెద్దమనిషికి కూడా ఇవ్వనా? పొద్దుటినించీ గొంతు బొంగురుపోయేలా మాట్లాడుతున్నాడు పాపం. దేనికీ కాదనడు, ఎంత మంచివాడో!"

మా ఆవిడ నా వంక చూసింది. నేను కాఫీ వంక చూశాను.

"ఎవరాయన?" అంది.

"మేనేజరు."

"స్టోర్‌రూములోనా?"

"ఆయనకి వెలుతురు పడదు."

"ఓహో" అంది. మా ఆవిడ అరిస్తే నాకు భయం లేదు, "ఓహో" అంటేనే భయం.

మర్నాడు పొద్దున మేనేజరుకి కొత్త పార్టీ ఫోను. ఎవరో ఆవిడ, జలుబు చేసినట్టు ముక్కుతో మాట్లాడుతోంది.

"మాది ఆరోగ్య పత్రిక అండీ. మీ ఆర్టిస్టు గారు ఇవాళ్టినించి రోజూ మధ్యాహ్నం మాకు కావాలి. ఆ టైములో ఇంకొకళ్ళ పని ముట్టుకోకూడదు. మేమే వచ్చి తీసుకెళ్తాం. మాట తప్పకూడదు సుమండీ."

"బొమ్మలు ఏ విషయం మీద..."

"కుదరదంటే చెప్పండి, ఇంకెవరినైనా..."

"కుదురుతుందండీ!" అని అరిచాడు మేనేజరు.

ఫోను పెట్టేశాక చూసుకుంటే, ఆ రోజే రేపటికల్లా గారికి ఏనుగు పుస్తకం ఇవ్వాలి. ఏనుగు ఇంకా ఏడుస్తూనే ఉంది.

ఆ రోజు భోజనాలవేళ రేపటికల్లా గారు స్వయంగా వచ్చి హాల్లో కూచున్నాడు.

"మీతో లాభం లేదండీ. ఇవాళ ఇస్తామని మీ మేనేజరు మాటిచ్చాడు. ఆయనతో ముఖాముఖి మాట్లాడాలి."

"ఆయన ఊళ్ళో లేరు" అన్నాను.

"స్టోర్‌రూములో ఉంటారండీ, పిలవనా?" అన్నారు మా అత్తగారు లోపల్నుంచి.

"నేను పిలుస్తాను" అని పరుగెత్తి, స్టోర్‌రూములో దూరి తలుపేసుకున్నాను. గడ్డం గొంతుకి ఆనించి, "ఎవరదీ?" అన్నాను బొంగురుగా.

"బయటికి రండి సార్."

"నాకు వెలుతురు పడదు."

"అయితే ఫోన్లో మాట్లాడదాం" అన్నాడాయన. మరుక్షణం నా జేబులో ఫోను గణగణా మోగింది. తడబడి తీయబోతే బొటనవేలు పట్టు తప్పింది. ఫోను కింద పడింది. దానికోసం వంగితే పరుపుల దొంతర మొత్తం నా మీదకి ఒరిగింది. ఫోను మోగుతోంది, నేను పరుపుల కింద, తలుపవతల మా అత్తగారు "అయ్యో, ఆయనకేమైందో చూడండి" అని కంగారు పడుతున్నారు.

తలుపు తెరుచుకుంది. మా ఆవిడ. ఉద్యోగంలోంచి అప్పుడే వచ్చినట్టుంది, భుజాన సంచి అలాగే ఉంది. నా కాళ్ళు చూసింది, ఫోను చూసింది, ఫోను తీసింది.

"మేనేజర్ని మాట్లాడుతున్నాను. కుదరదండీ. వచ్చే నెల రండి."

ఎదురుగా ఫోను చెవికి పెట్టుకుని నిలబడ్డ రేపటికల్లా గారు ఒక్క క్షణం ఆలోచించాడు.

"అలాగేనండీ" అన్నాడు.

అంతే! ఆకాశం ఊడిపడలేదు. ఆయన చెప్పులు వేసుకుంటూ, నా కాళ్ళ వైపు చూసి, "కొత్త మేనేజరు బాగున్నారండీ. పాతాయన మరీ మెతక, అచ్చం మీలాగే" అన్నాడు. పరుపుల కింద నా ప్రాణం చచ్చిపోయింది.

ఆయన వెళ్ళాక మా ఆవిడ నన్ను లాగి నిలబెట్టింది. వేళ్ళతో ముక్కు నొక్కుకుని, "ఆరోగ్య పత్రిక నించి వచ్చామండీ. ఆర్టిస్టు గారు సిద్ధమేనా?" అంది.

నోరెళ్ళబెట్టాను. "నువ్వా?"

నన్ను వెనక బాల్కనీలోకి తీసుకెళ్ళింది. అక్కడ ఓ వాలుకుర్చీ, పక్కన మంచినీళ్ళు.

"ఏం బొమ్మ వెయ్యాలి?"

"ఏమీ వెయ్యకూడదు. ఊరికే కూచోవాలి. అదే పని."

"అదేం పని? ఇవాళ కుదరదు" అన్నాను. జన్మలో మొదటిసారి నా నోట ఆ మాట వచ్చింది. అదీ మా ఆవిడ దగ్గర.

"కుదరకపోతే చెప్పండి, ఇంకెవరినైనా చూసుకుంటాం."

కూచున్నాను.

అప్పుడు నా చొక్కాకి ఊడిన బొత్తం పెడుతూ అంది: "రోజూ పొద్దున్నే ఈ బొత్తాలు పెడుతుంటే నాకు భయమేసేదండీ. బొమ్మలు పోతే పోనీ, మనిషి ఏమైపోతాడో అని. విశ్రాంతి తీసుకోండంటే మీరు వినరు. పనంటే కాదనరు. అందుకని విశ్రాంతినే పని చేశాను."

నాకు కళ్ళు చెమ్మగిల్లాయి. "తప్పకుండానండీ" అన్నాను.

మొదటి రోజులు ఆ కుర్చీలో ముళ్ళమీద కూచున్నట్టే ఉండేది. లోపల ఫోను మోగేది, మా ఆవిడ "కుదరదండీ" అనేది, నా గుండె జారిపోయేది. ఇక ఎవరూ చెయ్యరనుకునేవాణ్ణి. మర్నాడు మళ్ళీ వాళ్ళే చేసేవాళ్ళు. ఇదివరకటికన్నా మర్యాదగా మాట్లాడుతున్నారని అత్తగారు చెప్పారు. ఎప్పట్నించో తెలియదు, ఆ కుర్చీలో గురక పెట్టడం మొదలెట్టాను.

ఓ మధ్యాహ్నం లేచేసరికి చొక్కా పై బొత్తం ఊడి ఉంది. ఆలోచించకుండా నేనే పెట్టేసుకున్నాను. పెట్టుకున్నాక వేలు వంక చూసుకుంటే తిమ్మిరి లేదు. పక్కన సుద్దముక్క లాంటిదేదో కనిపిస్తే, నేల మీద ఓ కుందేలు గీశాను. కళ్ళ కింద ఉబ్బుల్లేవు. పళ్ళు బయటపెట్టి నవ్వుతోంది, ఏనుగు పుట్టినరోజుకి దాన్ని కూడా పిలిచినట్టు. ఎంత ఆనందమేసిందో! కాగితాలకోసం లేచాను.

"ఏమోయ్! చెయ్యి వచ్చేసింది! ఏనుగు ఇవాళే వేసేస్తాను! ఒక్క గంట!"

లోపల్నుంచి మేనేజరు తొంగి చూసింది. కుందేల్ని చూసింది, చాలాసేపు నవ్వుకుంది. తర్వాత నా చేతిలోంచి సుద్దముక్క తీసుకుంది.

"ఇవాళ కుదరదండీ" అంది. "గురువారం రండి."

ఏం చేస్తాను? "థాంక్సండీ" అని వెళ్ళి కుర్చీలో కూచున్నాను.