ఏడో నంబరు రాయి

ఆ రోజు ఉదయం కళ్ళజోళ్ళ షాపతను షాపు తెరవలేదు. ఆదిమానవులు వాడిన రాతి పనిముట్ల కోసం, ఆరేళ్ళుగా ప్రతి సెలవురోజూ భార్యను వెంటబెట్టుకుని వాగు గట్లు గాలిస్తున్న మనిషి అతను. వీధిలో అతని అసలు పేరు ఎప్పుడో మరుగున పడి, 'భూతద్దం' మిగిలింది. పదకొండింటికి మ్యూజియం ఆఫీసరమ్మ ఇంటికి రాబోతోంది. ఒక్క రాయి అసలైనదని తేలితే చాలు, అద్దాల బీరువాలో దాని పక్కన అతని పేరుతో చీటీ పెడతారు. ఆరేళ్ళ వెక్కిరింతలకు అదే జవాబు.

ఏడు మంచి రాళ్ళు ఏరి నంబర్లు వేశాడు. ఆరింటిని తళతళలాడేలా తోమి పెరటి గోడ మీద ఆరబెట్టాడు. ఏడోది చేతిలోకి తీసుకునేసరికి బావమరిది నిద్ర లేచాడు.

"బావా! అది నేను పళ్ళు తోముకునే బ్రష్షు!"

"అరవకురా, కొత్తది తెచ్చిస్తాను."

ఏడోదాన్ని మట్టితోనే గోడ మీద వదిలేసి భూతద్దం బజారుకు పరిగెత్తాడు. భార్యేమో ముందుగది సర్దుతోంది. సరిగ్గా అప్పుడే పెరట్లో గచ్చు చెయ్యడానికి మేస్త్రి వచ్చాడు.

"గోడమీద రాళ్ళు గచ్చులోకేనా, బాబూ?"

వేలితో పళ్ళు తోముకుంటున్న బావమరిది, నోటినిండా నురగతో, తల తిప్పకుండానే "ఊఁ" అన్నాడు.

మేస్త్రి మురిసిపోయాడు. మట్టి లేని రాయినే సిమెంటు గట్టిగా పట్టుకుంటుంది. రాళ్ళు ఇంత శుభ్రంగా కడిగిపెట్టిన ఇల్లు తన సర్వీసులోనే తగల్లేదు.

భూతద్దం తిరిగొచ్చేసరికి గోడ బోడిగా ఉంది.

"నా రాళ్ళేవయ్యా?"

"గచ్చులో ఉన్నాయండీ. నూరేళ్ళు కదలవు!"

భూతద్దం నెత్తిన చేతులు పెట్టుకుని కూలబడ్డాడు. భార్య కొంగు బిగించి పచ్చి సిమెంటులో చెయ్యి పెట్టింది. తప్పు చేసిన బావమరిది గునపంతో దూకి, జారి, సిమెంటులోనే కూర్చున్నాడు. అరగంట ముందే వచ్చిన ఆఫీసరమ్మ పెరటి గుమ్మంలో ఆగిపోయింది.

"తవ్వకాలు మీరే మొదలుపెట్టేశారా?"

బయటపడ్డ ఆరు రాళ్ళనీ కడిగి ఆమె ముందు పెట్టారు. ఆమె ఒక్కోటీ తిప్పి చూసింది.

"వాగులో రాళ్ళు ఒకదానికొకటి కొట్టుకుని ఇలాగే పగులుతాయండీ. ఇది వాగు పనే. ఇదీ వాగుదే." ఆరోది దగ్గర ఆగింది. "దీన్ని మాత్రం మనిషే కొట్టాడు. గునపంతో, ఇందాకే."

గోడ అవతల ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏడు అన్నారు కదా?" అంది ఆఫీసరమ్మ.

మేస్త్రి బుర్ర గోక్కుంటూ పనిముట్ల సంచీలోంచి మట్టి అంటిన రాయి ఒకటి తీశాడు. "ఇది గచ్చులో వెయ్యడానికి చెయ్యి రాలేదమ్మా. రెండువైపులా ఒకే లెక్కన చెక్కాడెవరో. పట్టుకుంటే చేతిలో ఎలా ఇమిడిపోతుందో చూడండి! ఎవరో పనిమంతుడు చేసింది. పూడ్చేస్తే పాపం."

ఆఫీసరమ్మ దాన్ని చాలాసేపు చూసింది. "చేతిగొడ్డలి," అంది మెల్లగా. "లక్షల ఏళ్ళనాటిది. కడక్కపోవడమే మంచిదైంది, ఆ మట్టి కూడా మాకు కావాలి."

"చూశావా బావా, నా బ్రష్షు ఇవ్వకపోవడమే మంచిదైంది!" సిమెంటు గడ్డకడుతున్న బావమరిది అరిచాడు.

"ఎక్కడ దొరికిందో రాసుకున్నారా? అది తెలియకపోతే మాకు ఉత్త రాయే."

భూతద్దం పరుగున నోటుపుస్తకం తెచ్చి పేజీ తెరిచాడు. ఒక్క క్షణం ఆగాడు. ఆ చీటీ కోసం ఆరేళ్ళు తిరిగాడు. అందులో ఒక్క వాక్యం మింగేస్తే అడిగేవాళ్ళు లేరు. అయినా గొంతు సవరించుకుని, వీధంతా వినేలా చదివాడు.

"ఏడో నంబరు. వాగు రెండో మలుపు, ఎడమ గట్టు, నీటికి మూడడుగుల పైన. మా ఆవిడ కాలికి తగిలింది. నెత్తురొచ్చింది. అరగంట తిట్టింది."

"అయ్యో, నేను విసిరేస్తుంటే సంచీలో వేసుకుంది మీరేగా!" అంది భార్య.

"నేను మోశానంతే. దొరికింది నీకు." ఆఫీసరమ్మ వైపు తిరిగాడు. "చీటీ మీద ఆవిడ పేరే రాయండమ్మా!"

అంత గర్వంగా అతను మాట్లాడగా వీధి ఎన్నడూ వినలేదు. గోడ అవతల నవ్వు ఆగిపోయింది.

ఇప్పుడు వారానికోసారి ఎవరో ఒకరిని మ్యూజియానికి లాక్కెళ్ళి, కళ్ళజోళ్ళు తుడిచే గుడ్డతో ఆ బీరువా అద్దం తుడిచి మరీ, భార్య పేరు చదివి వినిపిస్తాడు.

ఆమె మాత్రం వాగుకి చెప్పుల్లేకుండా వెళ్ళడం మొదలుపెట్టింది.